గోడవైపు తిప్పిన మైకు

"పది నిమిషాలిస్త శారద మేడం. గంతే. పదకొండో నిమిషం వీడు నా జీపుల ఉంటడు."

ఇన్‌స్పెక్టర్ రాకేష్ 'మేడం' అన్న మాటను కావాలనే సాగదీస్తాడు. నేను డిపార్ట్‌మెంట్‌లో హెడ్ కానిస్టేబుల్‌గా ఉన్న రోజుల్లో అతను కొత్తగా వచ్చిన ఎస్సై. పంచనామా రాయడం నా దగ్గరే నేర్చుకున్నాడు, అప్పట్లో 'అక్కా' అనేవాడు. ఇప్పుడు అతను సి.ఐ. నేను ఉద్యోగం వదిలేసి హనుమకొండలో ప్రైవేటు డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకున్నదాన్ని. నాకొచ్చే కేసుల్లో ముప్పాతిక వంతు పెళ్ళి సంబంధాల ఎంక్వైరీలే. పిల్లవాడు తాగుతాడా, పిల్లకు అంతకుముందు ఎవరైనా ఉన్నారా, ఇవే. ఆ సంగతి అతనికి తెలుసు. అందుకే ఆ సాగదీత.

వీడు అంటే వినయ్. కంప్యూటర్లు రిపేరు చేసే షాపులో పనిచేస్తాడు. రాజేశ్వరి ఇంటి హాల్లో గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. చొక్కా పైగుండీ తెగిపోయి ఉంది. అదెలా తెగిందో నేను అడగలేదు, రాకేష్ చెప్పలేదు.

రాజేశ్వరి కూతురు దీప్తి మొన్న మధ్యాహ్నం నుంచి కనిపించడం లేదు. నిన్న పొద్దున తొమ్మిదిన్నర ప్రాంతంలో తల్లి ఫోనుకు ఆ పిల్ల దగ్గర నుంచి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. ఆ వెంటనే ఫోను స్విచ్ఛాఫ్. మెసేజ్ కాజీపేట రైల్వే స్టేషన్ పక్క టవర్ నుంచి వచ్చిందని తేలింది. అంతే, రాకేష్‌కు కథ మొత్తం అర్థమైపోయింది. పిల్ల వినయ్‌ను ప్రేమించింది, వాడు రైలెక్కించి హైదరాబాద్‌లో ఎక్కడో దాచాడు, పండగ అయ్యాక ఇద్దరూ మెడలో దండలతో పోలీసు స్టేషన్‌కు వస్తారు. ఇలాంటివి అతను నెలకు నాలుగు చూస్తాడు. నేను అంతకన్నా ఎక్కువే చూశాను.

అయినా పొద్దుటి నుంచి ఆ కథను నేను నమ్మలేకపోతున్నాను. కారణం వంటింట్లో ఉంది. మొన్న మధ్యాహ్నం దీప్తి టీ పెట్టుకుంది. స్టవ్ ఆపింది, గిన్నె మీద మూత పెట్టింది, వడకట్టకుండా బయటికి వెళ్ళింది. ఆ గిన్నె ఇంకా అలాగే ఉంది, పైన మీగడ కట్టి. ఇల్లు వదిలి పారిపోయే పిల్ల టీ మీద మూత పెట్టి వెళ్తుందా? ఇప్పుడే వస్తాననుకునే మనిషి చేసే పని అది.

"ముందు ఆ మెసేజ్ ఇంకోసారి వినిపించు," అన్నాను రాకేష్‌తో.

"ఇప్పటికి యాభై సార్లు విన్నం."

"నేను ఒక్కసారే విన్న. పెట్టు."

రాజేశ్వరి ఫోను అతని చేతిలోనే ఉంది. స్పీకర్ పెట్టాడు. రాజేశ్వరి వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడింది. భర్త పోయిన దగ్గర నుంచి మ్యాచింగ్ సెంటర్ నడుపుకుంటూ ఒక్కతే కూతుర్ని పెంచుకున్న మనిషి. మొన్నటి నుంచి మెతుకు ముట్టలేదు. బతుకమ్మ కోసం తెచ్చిన గునుగు పూలు పెరట్లో బకెట్లోనే వాడిపోయాయి, పేర్చేవాళ్ళు లేరు.

దీప్తి గొంతు హాల్లోకి వచ్చింది. "అమ్మా, నేను మంచిగనే ఉన్న. హైదరాబాద్ పోతాన్న. దోస్తు దగ్గర ఉంట. ఫికర్ చెయ్యకు. దసరా అయినంక ఇంటికస్త."

చదివి అప్పజెప్పినట్టుంది. మాటల వెనక గరుకుగా ఏదో అరుపు వినిపించింది. రెండుసార్లు, కాస్త ఆగి మరొకసారి. తర్వాత ఇనుము మీద ఇనుము పడ్డ చప్పుడు.

"స్టేషన్ల కాకులు," అన్నాడు రాకేష్. "ఆ సప్పుడు గూడ్సు డబ్బాలది."

కిటికీ పక్క కుర్చీలో కూర్చున్న సాంబయ్య రెండు చేతులూ కళ్ళకద్దుకున్నాడు. రాజేశ్వరి భర్తకు అన్న ఆయన, వరంగల్‌లో పెద్ద బట్టల దుకాణం ఉంది. నుదుటి మీద గంధం, తెల్ల చొక్కా. రాజేశ్వరి నన్ను పెట్టుకోవడం ఆయనకు బొత్తిగా ఇష్టం లేదు. "ఇంటి పరువు బజార్ల పెట్టుడెందుకమ్మా," అని గుమ్మంలోనే అడ్డంగా నిలబడ్డాడు పొద్దున. ఇప్పుడు మాత్రం పిల్ల గొంతు వినగానే దేవుణ్ణి తలుచుకున్నాడు పాపం, అనుకున్నాను.

నేను వినయ్ ఎదురుగా నేల మీదే చతికిలబడ్డాను. నిలబడి అడిగితే భయపడి అబద్ధం చెప్తారు. పక్కన కూర్చుని అడిగితే, అబద్ధం చెప్పినా తడబడతారు.

"దీప్తి నీకేమైతది?"

"ఫ్రెండ్ మేడం."

"ఫ్రెండంటే?"

"ఫ్రెండే మేడం. నాకామె అంటె ఇష్టం. ఆమెకు పిట్టలంటె ఇష్టం."

రాకేష్ పకపకా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అంత సూటిగా తన ఓటమి చెప్పుకునే వాడు అమ్మాయిని ఎత్తుకుపోడు.

"పెరట్ల పిట్టల మిషిన్ పెట్టింది నువ్వేనా?"

"ఇద్దరం కలిసి పెట్టినం. అరచేతంత కంప్యూటర్ మేడం, దీప్తి రూంల కిటికీ కాడ ఉంటది. మైకు బయట ఉంటది. పిట్ట అరిస్తె ఆ సప్పుడు రికార్డు చేసి, గది ఏ పిట్టనో పేరు చెప్తది. ఆ ముక్క దాచిపెడ్తది గూడ."

"తప్పు చెప్పదా?"

"మస్తు చెప్తది. మొదట్ల కుక్కర్ విజిల్‌ను చిలుక అన్నది. పక్కింటాయన బండి బ్రేకును పికిలిపిట్ట అన్నది. దీప్తి కూసొని ఒక్కొక్కటి విని దిద్దేది. ఇంగ్లిష్ పేర్లన్ని తీసేసి మన పేర్లు పెట్టింది."

"నా బిడ్డ పొద్దుగాల ముఖం కడుగకముందే దాన్ని చూసేది మేడం," అంది రాజేశ్వరి గుమ్మంలోంచి. "అమ్మా ఇయ్యాల గోరింకలచ్చినయ్, ఇయ్యాల కోయిలచ్చింది అని ఎంటబడి చెప్పేది. షాపుకు టైమైతాందని నేను సగం విని పోతుంటి. కూసొని వింటె ఏమైపోవు నాకు?" కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

నాకు దుఃఖం వస్తే కోపంగా బయటపడుతుంది. ఆ కోపమంతా వినయ్ మీదికి పోయింది.

"మొన్న ఆమె నీకు ఫోన్ చేసింది. ఏం మాట్లాడింది? నిజం చెప్పు, లేకపోతె నేనే ఎక్కిస్త జీపు."

వాడు రాకేష్ వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "పాలపిట్ట అరుస్తాంది అన్నది. దసరా ముంగట మంచిదే గదా అన్న. నన్ను తిట్టింది. 'ఒక్క కాడనే ఉండి అరుస్తాందిరా. పొద్దున ఒకసారి, పొద్దూకి ఒకసారి. ఒక్కటి గాదు, చానా ఉన్నట్టున్నయ్. ఎగిరే పిట్ట గట్ల టైముకు అరుస్తదా' అన్నది. యాడికెంచి వస్తాందో చూస్త అని ఫోన్ పెట్టేసింది."

"ఈ ముచ్చట పోలీసులకెందుకు చెప్పలే?"

"చెప్పిన మేడం. పిట్ట గురించి చెప్తాంటె..." వాడి చెయ్యి తెగిపోయిన గుండీ దగ్గరికి వెళ్ళి ఆగింది.

నేను లేచాను. "పెరడు చూస్త."

"టైం అయిపోయింది," అన్నాడు రాకేష్.

"నీ వాచీ ముందుంది. సరిచేసుకో," అని వెనక తలుపు తీశాను. వినయ్‌ను రెక్క పట్టుకుని నాతోపాటు లాక్కెళ్ళాను. రాకేష్ గొణుక్కుంటూ, రాజేశ్వరి కళ్ళు తుడుచుకుంటూ వెనకే వచ్చారు.

చిన్న పెరడు. ఒక జామచెట్టు, కరివేపాకు, మల్లెతీగ, బట్టలారేసే తీగ. చివర మనిషి కన్నా ఎత్తైన గోడ. గోడకు ఆనుకునే అవతల రేకుల షెడ్డు, దానికి పైన ఒక వెంటిలేటర్.

"మైకు యాడ పెట్టినవ్?"

"సజ్జ కింద మేడం. వాన పడకుంట."

సజ్జ కింద మేకు మాత్రమే ఉంది, దానికి నల్లటి టేపు ముక్క వేలాడుతోంది. "నేను తియ్యలే మేడం," అన్నాడు వినయ్. వైరు వెంట చూస్తూ వెళ్ళాను. అది సజ్జ నుంచి బట్టల తీగ మీదుగా జామచెట్టు దాకా పాకింది. చివరి కొమ్మకు, సగానికి కోసిన నీళ్ళ సీసా గొడుగు కింద, మైకు కట్టి ఉంది. కట్టింది పాత చున్నీ అంచుతో. చెట్టు కింద వంటింటి స్టూలు, దాని కాళ్ళు మట్టిలో దిగబడి ఉన్నాయి.

స్టూలెక్కి చూశాను. పిట్టలు వాలేది చెట్టు మీద. పెరడంతా మైకుకు వెనకవైపు ఉంది. మైకు మూతి మాత్రం గోడవైపు, సరిగ్గా ఆ వెంటిలేటర్ వైపు తిప్పి ఉంది. స్టూలు మీద నుంచి ఇంకో అడుగు వేస్తే గోడ పట్టు అందుతుంది. గోడ మీది పాచి ఒకచోట గీసుకుపోయి ఉంది, చెప్పుకాలు జారినట్టు.

ఆ పిల్ల ఈ గోడ ఎక్కింది. టీ మీద మూత పెట్టి ఎక్కింది.

"గోడ అవతల ఏముంది?"

"మా బావ గోదాం మేడం. దుకాణం స్టాకు పెడ్తరు," అంది రాజేశ్వరి.

"పాత స్టాకమ్మా," వసారా మెట్టు మీద నుంచి సాంబయ్య అన్నాడు. ఆయన ఎప్పుడు వచ్చి నిలబడ్డాడో నేను చూడలేదు. "ఎలుకలు తప్ప ఏం లెవ్వు. తెరువక చాన్నాళ్ళైంది."

ఎవరూ అడగనిదానికి జవాబు చెప్పాడు పెద్దమనిషి. నేను స్టూలు దిగాను.

"రాకేష్, ఈ అబ్బాయి ఫోన్ కావాలె."

"అది సీజ్ చేసిన."

"మిషిన్ దాచిన సప్పుళ్ళు వీడి ఫోన్ల తెరుచుకుంటయి. దీప్తి ఫోన్ ఎట్లాగు లేదు. నిన్న పొద్దున ఈ మైకు ఏం విన్నదో నాకు కావాలె."

రాకేష్ నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "మేడం, మీకర్థమైతలేదు. టవర్ కాజీపేటది. స్టేషన్ సీసీ కెమెరాలు మావోళ్ళు చూస్తాన్రు. ఎస్పీ సార్ గంటకోసారి ఫోన్ చేస్తాండు. నేను పోయి పిట్ట సాక్షం తెచ్చిన సార్ అని చెప్పాల్నా? రేపు కోర్టుల బోనెక్కిస్తరా దాన్ని?"

"టవర్ ఫోన్ యాడున్నదో చెప్తది. పిల్ల యాడున్నదో చెప్పదు."

"ఆ మాట పెళ్ళి ఎంక్వైరీలల్ల నేర్చుకున్నరా?"

"నువ్వు నేర్చుకోక మిగిలింది నా దగ్గర చాలా ఉంది రాకేష్. పిల్లకేమన్న అయితె, మైకు ముంగట నిలబడి వినలేదని నేనే రాసిస్త. సంతకం పెట్టి రాసిస్త. అప్పుడు నువ్వు ఎస్పీకి చెప్పుకో."

"బెదిరిస్తాన్నరా?"

"అవ్. బెదిరిస్తాన్న."

మా ఇద్దరి మధ్యకు రాజేశ్వరి వచ్చింది. అరవలేదు. రాకేష్ రెండు చేతులూ పట్టుకుంది. "సారూ, మీ ఇద్దరి పంచాది తర్వాత పెట్టుకోన్రి. నా బిడ్డ గొంతు ఇంకో ముక్క దొరుకుతదేమో వినిపియ్యిన్రి. మీ కాళ్ళు మొక్కుత."

రాకేష్ తల పక్కకు తిప్పుకున్నాడు. జేబులోంచి వినయ్ ఫోను తీశాడు. "నా చేతుల్నే ఉంటది. వాడు చెప్తాంటె నేను నొక్కుత."

వినయ్ చెప్తూ పోయాడు, రాకేష్ నొక్కుతూ పోయాడు. తెర మీద నిన్నటి రోజు తెరుచుకుంది. గోరింక. పికిలిపిట్ట. కాకి. పొద్దున ఎనిమిది దాటాక పాలపిట్ట.

"గది పెట్టు," అన్నాను.

ఫోను నుంచి గరుకు అరుపు వచ్చింది. రెండుసార్లు. కాస్త ఆగి మరొకటి. తర్వాత ఇనుము మీద ఇనుము పడ్డ చప్పుడు.

వినయ్ తలెత్తి గోడవైపు చూశాడు.

"గిదేంది, కాకి గదా," అంది రాజేశ్వరి ముందుగా.

"కాదాంటీ. గదే పాలపిట్ట గొంతు. సూడనికి నీలంగ ముద్దుగుంటది గని అరుపు గట్లనే ఉంటది," అన్నాడు వినయ్.

"ఇప్పుడు వాయిస్ మెసేజ్ పెట్టు," అన్నాను.

రాకేష్ రెండో ఫోను తీసి మెసేజ్ పెట్టాడు. 'అమ్మా, నేను మంచిగనే ఉన్న...' వెనక రెండు అరుపులు. కాస్త ఆగి మరొకటి. ఇనుము చప్పుడు. మళ్ళీ ఇది, మళ్ళీ అది. నాలుగోసారికి రాకేష్ చేతి మీద వెంట్రుకలు లేచి నిలబడటం నాకు కనిపించింది.

"ఒక్కటే అరుపు," అన్నాడు మెల్లగా. "నడుమ ఆగిన టైం గూడ ఒక్కటే. కని ఈ అరుపు ఎనిమిదింటిది, మెసేజ్ వచ్చింది తొమ్మిదిన్నరకు!"

"నెట్ బంద్ చేసి మాట్లాడితె మెసేజ్ ఫోన్ల ఆగి ఉంటది సార్," అన్నాడు వినయ్. "నెట్ వేసినంక పోతది. ఎనిమిదింటికి ఈడ మాట్లాడిచ్చి, ఫోన్ను కాజీపేటకు తీస్కపోయి నెట్ వేసిన్రు."

ఈడ. ఆ మాట విని రాజేశ్వరి జామకొమ్మ పట్టుకుంది. కాజీపేటలో అరిచిన కాకి ఈ పెరట్లోని మైకుకు వినపడదు. ఈ మైకుకు వినిపించిన పిట్ట అరుపు దీప్తి మాటల వెనక కూడా ఉందంటే, నిన్న పొద్దున ఆ పిల్ల ఇక్కడే ఉంది. తల్లి వాకిట్లో కూర్చుని ఏడుస్తున్నప్పుడు గోడకు అవతలే ఉంది.

"మల్ల పెట్టున్రి. పెరట్లది. సప్పుడు పెంచున్రి," అంది రాజేశ్వరి. ఫోనుకు చెవి ఆనించింది. మొదటి రెండు అరుపులయ్యాయి. మూడోదానికి ముందున్న ఆ కాస్త ఖాళీలో ఆమె రాకేష్ మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"నా బిడ్డనే. ఫికర్ చెయ్యకు అంటాంది. నాకినవడ్డది. దేవుడా, గోడ పక్కన కూసొని ఫికర్ చెయ్యకు అంటాంది!"

నాకు ఏమీ వినిపించలేదు. రాకేష్‌కూ వినిపించలేదు. అయినా మేమిద్దరం నమ్మాం.

అప్పుడు నాకు సాంబయ్య చేతులు గుర్తొచ్చాయి. హాల్లో మెసేజ్ వినిపించినప్పుడు ఆయన చేతులు కళ్ళకద్దుకున్నది ఏ మాట దగ్గర? పిల్ల 'అమ్మా' అన్నప్పుడు కాదు. వెనకనున్న అరుపు వినిపించాకనే. నా బుద్ధి ఏ గడ్డి మేస్తోందో అప్పుడు! సరే, ఇప్పుడైనా తేల్చుకోవాలి.

"వినయ్, పాత పాలపిట్ట అరుపు ఇంకోటి ఉంటె చెప్పు. గట్టిగ పెట్టమను," అన్నాను. అందరూ ఫోను వైపు వంగారు. నేను ఫోను వైపు చూడలేదు. వసారా మెట్టు మీది మనిషినే చూస్తున్నాను.

అరుపు పెరడంతా వినిపించింది. సాంబయ్య రెండు చేతులూ లేచాయి. ముఖం దాకా వచ్చేలోపు ఆయన నన్ను చూశాడు. చేతులు సగంలో ఆగిపోయాయి, ఎక్కడ దించాలో తెలియక చొక్కా గుండీలు సర్దుకున్నాయి.

"పెద్దాయనా," అన్నాను దగ్గరికి వెళ్ళి, "గది పాలపిట్ట అని మీకెట్ల ఎర్క?"

"ఎవరికెర్క లేదమ్మా? మన పిట్టనేనాయె."

"రాజేశ్వరమ్మ కాకి అనుకున్నది. ఈ సీఐ సారు స్టేషన్ల కాకి అన్నడు. నేనూ కాకే అనుకున్న. దసరా నాడు ఊరూరంత దాన్ని చూసి దండం పెడ్తరు. ఇని దండం పెట్టేటోన్ని మాత్రం నేను ఇయ్యాల్నే చూసిన. ఇందాక హాల్ల గూడ పెట్టినరు, అప్పటికి వినయ్ దాని పేరే ఎత్తలే."

సాంబయ్య వెనక తలుపు వైపు ఒక అడుగు వేశాడు.

"సేటూ, గోదాం తాళంచెవి ఇయ్యి," అన్నాడు రాకేష్. అతని గొంతులో సాగదీత లేదు.

"దుకాణంల ఉన్నది సార్. పోయి తెస్త..."

"మీరు ఎటూ పోవద్దు." రాకేష్ బయట జీపు దగ్గరున్న కానిస్టేబుళ్ళను కేకేశాడు. "తాళం పగలగొట్టున్రి!"

గోదాం వెనక సందులోంచి పోవాలి. రాజేశ్వరి మా అందరికన్నా ముందు పరుగెత్తింది, కాళ్ళకు చెప్పులు కూడా లేవు. షట్టర్ పైకి లేస్తే ఆ ఇనుప చప్పుడే వచ్చింది, మేము ఇందాకటి నుంచి వింటున్న చప్పుడు. "దీప్తీ! బిడ్డా!" అని అరుస్తూ ఆమె చీకట్లోకి దూరింది.

జవాబు లేదు.

కానిస్టేబుల్ లైటు వేశాడు. చీరల బేళ్ళ వెనక గోడ వారన నేలంతా తెల్లటి పిట్టల రెట్ట. మధ్యలో అక్కడక్కడ నీలం ఈకలు. పంజరాలు పెట్టిన చోట నాలుగు మూలలూ దుమ్ములో అచ్చు పడి ఉన్నాయి. పంజరాలు లేవు. వాటి మీద కప్పే నల్లగుడ్డలు ఒక మూల కుప్పగా పడి ఉన్నాయి. గుడ్డ కప్పితే చీకటనుకుని పిట్ట నోరెత్తదు, మేత వేయడానికి తీసినప్పుడే అరుస్తుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి.

వెంటిలేటర్ కింద చాప పరిచి ఉంది. పక్కన స్టీలు టిఫిన్ డబ్బా. రాజేశ్వరి దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. మూత మీద పేరు కొట్టించి ఉంది.

"గిది మా అక్క డబ్బ," అంది. సాంబయ్య భార్యను ఆమె అక్క అనే పిలుస్తుంది. "బావా, గిది మీ ఇంటి డబ్బ."

సాంబయ్య బేలు మీద కూలబడ్డాడు. "ఇంట్ల ఎవ్వరికి ఎర్కలేదు రాజేశ్వరీ. నాకని చెప్పి తెచ్చిన. బిడ్డకు రెండు పూటల అన్నం పెట్టిన. అరువకుంట నోటికి గుడ్డ కట్టిన గని ఒక్క దెబ్బ గూడ కొట్టలే, నీ మీదొట్టు."

"ఎందుకు పెట్టినవ్ ఈడ?" అన్నాను.

"ప్రతి దసరాకు దుకాణంల పాలపిట్టను పెడ్తనమ్మా. గిరాకి దర్శనం చేస్కుంటరని. ఒక్కటే తెప్పించేది. ఈసారి మొగిలి అని పిట్టలు తెచ్చేటోడు, ఊర్లె అందరికి ఇచ్చే పిట్టలన్ని నీ గోదాంల పెడ్త సేటూ అన్నడు. సరే అన్న. ఈ పొల్ల గోడ దుంకి లోపటికొచ్చి ఫొటోలు తీసింది. ఫారెస్టోళ్ళకు చెప్త పెద్దబాపూ, నువ్వైన ఇడువ అన్నది. పాలపిట్టను పట్టుడు నేరమంట, జైలంట. పరువు పోతదని, దసరా అయ్యేదాక ఈడ ఉంచుదామని మొగిలే అన్నడు. నేను వద్దనలే."

"ఇప్పుడు యాడున్నది?" రాకేష్ ఆయన కాలరు పట్టుకుని లేపాడు.

"పొద్దుగాల మొగిలి వ్యాన్ తెచ్చిండు. డిటెక్టివ్ వస్తాందని నేనే ఫోన్ చేసిన. పిట్టలను తీస్కపొమ్మన్న. పొల్ల లొల్లి పెడ్తదని నా నిద్ర గోలీలు పాలల్ల కలిపి ఇచ్చినం. దవాఖానల రాసిచ్చినయే సార్, మంచి గోలీలు. స్టేషన్ ఘన్‌పూర్ అవతల వాని తోట కాడ ఉంచుత అన్నడు. నువ్వు ఫికర్ చెయ్యకు సేటూ, దుకాణం పో అన్నడు."

"ఎన్ని గోలీలు?" అన్నాను.

"నేను ఒకటే ఏసిన. వాడు... వాడు ఇంకిన్ని ఏసిండు. నేను సరిగ చూడలే."

రాజేశ్వరి టిఫిన్ డబ్బా ఇంకా రెండు చేతులతో పట్టుకునే ఉంది. ఆయన ముందుకు వచ్చి నిలబడింది. కొడుతుందేమోనని నేను పక్కకు జరిగాను. ఆమె కొట్టలేదు.

"నా బిడ్డను వ్యాన్ల ఎక్కిచ్చినంక నువ్వేం చేసినవ్ బావా?"

ఆయన తల వంచుకున్నాడు.

"చెప్పు. దుకాణం పోయినవా?"

"పండుగ గిరాకి ఉండె రాజేశ్వరీ."

రాకేష్ అప్పటికే వైర్‌లెస్‌లో అరుస్తున్నాడు. హైదరాబాద్ రోడ్డు మీది చెక్‌పోస్టులన్నీ, రఘునాథపల్లి దాకా, పిట్టల పంజరాలున్న ఏ వ్యానునూ వదలొద్దని. వ్యాను నంబరు సాంబయ్యకు తెలియదు. రంగు అడిగితే తెలుపు అన్నాడు, కాసేపాగి కాదన్నాడు. నాకు ఆయన గొంతు పిసకాలనిపించింది. నిజంగానే అనిపించింది, ఇందులో దాచుకునేదేమీ లేదు.

"అక్కా," అన్నాడు రాకేష్ నా వైపు తిరిగి. చాలా ఏళ్ళ తర్వాత ఆ మాట అతని నోటి నుంచి వచ్చింది. "పొద్దుగాల పోయిన్రు. అంటె నాలుగు గంటలైంది. ఆ గోలీలకు..."

"తెల్సు. మాట్లాడకు. అంబులెన్స్‌ను ఘన్‌పూర్ రోడ్డుకు పంపించు."

అప్పుడు సాంబయ్య చొక్కా జేబులో ఫోను మోగింది. రాకేష్ దాన్ని లాగి చూశాడు. తెర మీద మొగిలి అన్న పేరు. స్పీకర్ నొక్కి సాంబయ్య నోటి ముందు పెట్టి, రెండో చేత్తో ఆయన మెడ మీద గట్టిగా పట్టుకున్నాడు. "మామూలుగ మాట్లాడు. యాడున్నడో అడుగు."

"ఆ... మొగిలీ," అన్నాడు సాంబయ్య. "యాడున్నవ్?"

అటువైపు గాలి హోరు. లారీ ఏదో పక్క నుంచి పోయిన చప్పుడు. దాని వెనక పిట్టల అరుపులు, ఒకదాని మీద ఒకటి. మొగిలి గొంతు మెల్లగా, భయంభయంగా వచ్చింది.

"సేటూ, పిట్టలన్ని మంచిగనే ఉన్నయ్. పొల్లనే లేస్తలేదు. ఏం చెయ్యాలె?"